పది ఓమ్‌ల బరువు

ముట్టుకోకు, విల్బెర్.
నిన్న సాయంత్రమే ప్లగ్గు పీకేశాను, నిజమే.
అయినా ఆ లావు కెపాసిటర్ల కడుపులో
ఇంకా కాస్త పొగరు మిగిలుంటుంది.
చేతులు కాలాక ఆకులు పట్టుకుందామంటే
ఎల్ ఆల్తోలో ఆకులెక్కడివి?

గురువారం సంతలో కొన్నా దీన్ని,
తుప్పు సీలలు కుప్పపోసి అమ్మే రూఫీనో దగ్గర.
ముప్ఫై బొలివియానోలన్నాడు, పద్దెనిమిదికి దిగాడు.
మూతబడిన ఇంటర్నెట్ కొట్టుదట.
నాకు తెలుసా కొట్టు.
పేజీకి యాభై సెంటావోలిచ్చి
నా మొదటి ట్రాన్సిస్టరు కాగితాలు అక్కడే అచ్చు వేయించుకున్నా.
ఇంగ్లీషు ముక్క రాదు, అంకెలు చదివాను.
ఆ రోజు ఆ ప్రింటరు పక్కన గురకపెట్టింది
ఇదేనేమో. కాకపోవచ్చు కూడా.

మూత తీస్తే దుమ్ము,
పక్క కొట్టు అల్లిక మిషన్ల అల్పాకా నూగు,
జడ వేయించుకోనని పరిగెత్తిన పిల్ల తలలా తీగలు.
రంగు రంగు విడదీయి.
నలుపులన్నీ నేల.
పసుపు పన్నెండు, ఎరుపు అయిదు,
నారింజ మూడుంబావుకి పిసరెక్కువ.
ఊదాది ఎప్పుడూ నిద్రపోదు, దాని జోలికి పోకు.

కత్తెర కింద పెట్టు!
నారింజని అంటుకుని సన్నగా ఉందే, ఆ మట్టిరంగు పోగు,
అది కరెంటు మోయదు, ఒప్పుకుంటాను.
చివరిదాకా వెళ్లి ఎంత చేరిందో చూసొచ్చి
లోపల చెబుతుంది, అంతే దాని ఉద్యోగం.
మా అమ్మ బంగాళదుంపల బస్తాలు లారీ ఎక్కించి
మర్నాడు తను నడిచిపోయేది సంతకి,
తూకం కళ్లారా చూడ్డానికి.
నాన్న నవ్వేవాడు.
అమ్మకి జ్వరమొచ్చిన ఏడు
బస్తాకి ఆరు కిలోలు తరిగాయి.
దాన్ని నారింజతోనే కలిపి టంకం పెట్టు.

వెనక ఎర్ర గీటు ఎటుందో చూశావా?
కింద లాపాజ్ పాత ఇళ్లలో నూటపది, మనకి రెండొందల ఇరవై.
సెవెరో మేస్త్రి చూడలేదొకసారి.
ఒక్క టపాసు, మాడిన చేప వాసన,
నెల్లాళ్లు కనుబొమ్మలు లేకుండా ఆశ్చర్యపోతూ తిరిగాడు.

పచ్చ తీగ ఒక్కటే ఉంటుంది.
అది నలుపుని తాకితే పెట్టె లేస్తుంది.
మధ్యలో స్విచ్చు పెట్టాం, పాడైన మినీబస్సుది,
పొగమంచు దీపం బొమ్మ ఇంకా చెరగలేదు.
నొక్కు.

ఫ్యాను ఒక్క చుట్టు తిరిగింది,
ఎవరో పిలిచారనుకుని తల తిప్పి చూసినట్టు.
ఆగిపోయింది.

నీ మొహం చూడు, వడిలిన క్యారెట్టులా.
చావలేదురా అది. దానికి పని చూపించలేదు మనం.
మోయడానికేమీ లేకపోతే
ఇలాంటి పాతవి నిలబడలేవు.
అదిగో, సుద్దముక్కలాంటి తెల్లటి రెసిస్టరు,
పది ఓమ్‌లు, పది వాట్లు.
ఎరుపుకీ నలుపుకీ మధ్య కట్టు, డబ్బా రేకుకి ఆనించు.
ఏం చేస్తుందంటావా?
ఏమీ చేయదు. వెచ్చగా కూర్చుంటుంది.

ఇప్పుడు నొక్కు.
విన్నావా?
ఈ ఎత్తులో గాలి పలచన, మనలాగే
దానికీ రెట్టింపు ఊపిరి కావాలి.
నాలుగు పక్కలా బెత్తెడు చోటు వదులు,
చలేస్తుందని నీ పోంచో దాని మీద కప్పకు.
మీటరు పెట్టి నాడి చూడు:
పన్నెండు, చుక్క, సున్నా ఎనిమిది.
అయిదు, చుక్క, సున్నా రెండు.
ఇవాళ్టి నుంచి కారు బ్యాటరీ మోసుకుంటూ
మూడు మెట్లు ఎక్కక్కర్లేదు నేను.

రెండున్నర వాట్లు ఊరికే పోతున్నాయి, డోన్యా ఎపిఫానియా,
అంటావు నువ్వు, లెక్క తెలిసినవాడివి.
అంటూనే
ఆగస్టు చలికి కొంకర్లు పోయిన వేళ్లు
ఆ రేకు మీద పెట్టుకున్నావు.

సరే, వేళ్లు కదులుతున్నాయా?
ఆ లౌడ్‌స్పీకరు ఇలా అందుకో, పసుపుకి కలుపు.
ఉల్లిపాయల వ్యాను అతను
పదకొండింటికల్లా వస్తానన్నాడు.